గుమ్మడిపాదు కింద

ఆ గురువారం సరళకుమారికి ఆసుపత్రిలో నర్సు డ్యూటీ లేదు. పొద్దున ఏడింటికే చీర ఎగదోపుకుని, పైన మొగుడి పాత చొక్కా తొడుక్కుని, కొడవలి పట్టుకుని వెనక పెరట్లోకి దిగింది.

అక్టోబరు మొదలైంది. వానాకాలమంతా సగం పెరడు ఆక్రమించిన గుమ్మడిపాదు ఇప్పుడు చేవ చచ్చి, ఆకుల మీద బూడిద రాలినట్టు తెల్లగా తయారైంది. దాన్ని తీసేస్తే తప్ప చలికాలం కూరలకి చోటు లేదు. ఎక్కడ ఏం వేయాలో ఆమె ఆసుపత్రి చార్టు కాగితం వెనక గీసి వంటింటి కిటికీకి అంటించుకుంది. మొదటి మడి మెంతికూరకీ పాలకూరకీ. రెండోది టమాటాకీ క్యాబేజీకీ. మూడోదాంట్లో ఏమీ వేయకుండా కోళ్ళని వదలాలి. అవి నెల్లాళ్ళు అక్కడే తిరిగి, పురుగుల్ని ఏరుకు తిని, మట్టిని గీరి గుల్ల చేస్తాయి. ఆ రెట్ట బాగా చివికాక జనవరిలో అక్కడ ఉల్లినారు నాటి, కోళ్ళని ఇంకో మడికి మార్చాలి. మడికీ మడికీ మధ్య నైలాను వల.

ఈ ఉపాయం తనది కాదు, ఇంట్లో పనిచేసిన ఫూలోది. ఝార్ఖండ్‌లో వాళ్ళ ఊళ్ళో అలాగే చేస్తారట. కానీ కాగితం మీద గీసింది తను కాబట్టి, వచ్చినవాళ్ళందరూ తననే మెచ్చుకున్నారు.

ఢిల్లీ పక్కన ఇందిరాపురంలోని ఆ పద్నాలుగంతస్తుల సొసైటీలో కింది ఇళ్ళ వాళ్ళకి మాత్రమే వెనక ఈ కాస్త నేల ఉంది. పుంజుని పెట్టకపోతే కోళ్ళు పెంచుకోవచ్చని కమిటీ ఒప్పుకుంది. ఏడు పెట్టలు. నాలుగు రోజుల నుంచి ఆరే గూటికి వస్తున్నాయి. బూడిదరంగుది కనపడటం లేదు. పిల్లి ఎత్తుకుపోయి ఉంటుందనుకుంది.

పాదుని మొదలు దగ్గర కోసి, తీగని చుట్టలు చుట్టలుగా లాగుతూ గోడ మూల దాకా వెళ్ళింది. అక్కడ ఆకులు దట్టంగా ఉన్నాయి. చెయ్యి పెట్టగానే ఏదో గుర్రుమని మణికట్టు మీద పొడిచింది. బూడిదరంగు పెట్ట. ఈకలు ఉబ్బించుకుని, చాటంత అయి, కదలకుండా కూర్చుంది. సరళకుమారి నవ్వుకుని, రెండు చేతులూ దాని రెక్కల కిందికి పోనిచ్చి మెల్లగా పైకెత్తింది.

కింద గోధుమరంగు గుడ్లు. పెట్ట పొట్ట కింద పట్టనివి దొర్లి తీగల్లో ఇరుక్కుని ఉన్నాయి. వంగి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఇరవై మూడు. ఇవి ఒక్క పెట్ట పెట్టినవి కావు. గోడ మూల వల కింద జానెడు సందు ఉంది. కోళ్ళు అటునుంచి దూరి వచ్చి, రోజూ ఇక్కడే పెట్టి పోతున్నాయి.

కొడవలి జారి కింద పడింది. పెట్టని ఒళ్ళో పెట్టుకుని అలాగే మట్టిలో కూలబడింది.

భర్త యెషయా టీ గ్లాసులు పట్టుకుని వచ్చాడు. రిటైరైనప్పటి నుంచీ పొద్దుటి టీ ఆయనే పెడతాడు.

"ఏంటి సరళా, అలా కూర్చుండిపోయావు?"

ఆమె పక్కకి జరిగింది. ఆయన వంగి చూశాడు.

"ఇవన్నీ మన కోళ్ళవేనా?"

"మరెవరివండీ?"

"అయితే ఆ ఫూలో..."

ఆమె గ్లాసు గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన రెండు మాటలు తిట్టి పోయినా బాగుండేదనిపించింది ఆమెకి.

సెప్టెంబరులో గుడ్లు తగ్గాయి. రోజుకి అయిదు వచ్చేవి రెండుకి దిగాయి. పది రోజుల కిందట ఆమె గేటుకి ఫోన్ చేసి, ఫూలో వెళ్ళేటప్పుడు సంచి చూడమని చెప్పింది. సంచిలో రెండు గుడ్లు దొరికాయంటే తనే గేటు దగ్గరికి వెళ్ళి చూసింది. ఆ సాయంత్రమే సొసైటీ వాట్సాప్ గ్రూపులో, ఫూలో గుడ్లు దొంగిలించిందని ఒక్క వాక్యం రాసింది. మర్నాటి నుంచి ఫూలో రాలేదు. కానీ గూట్లో గుడ్లు మాత్రం పెరగలేదు. ఆ సంగతి సరళకుమారి రోజూ చూస్తూనే ఉంది. చూసి, దాని గురించి ఆలోచించకుండా ఊరుకుంది.

బకెట్లో నీళ్ళు పట్టి గుడ్లు ఒక్కొక్కటే వేసింది. ఆరు అడుగుకి దిగాయి. మూడు నిటారుగా నిలబడ్డాయి. మిగతావన్నీ తేలాయి, అంటే పాడైనట్టే. పుంజు లేదు కాబట్టి ఇవి ఎన్నాళ్ళు పొదిగినా పిల్లలు కావు, మురిగిపోవడమే. తేలినవాటిని మూడో మడిలో మూరెడు లోతు గొయ్యి తీసి కప్పెట్టింది. పెట్ట ఆ గొయ్యి చుట్టూ తిరుగుతూ సన్నగా గొణుగుతూనే ఉంది.

చేతులు కడుక్కుని ఫూలోకి ఫోన్ చేసింది. రెండుసార్లు మోగి కట్టయిపోయింది. మూడోసారి మోగనే లేదు.

గేటు దగ్గర గార్డు ఫోన్లో యాప్ తెరిచి చూపించాడు. ఫూలో ఫోటో మీద ఎర్రటి గీత.

"అన్ని ఇళ్ళకీ బ్లాక్ అయింది మేడమ్. లోపలికి రానివ్వకూడదు."

"ఒక్క మా ఇంటికే కదా?"

"ఒక ఇంట్లో దొంగతనం రాస్తే అంతే మేడమ్. మొత్తం సొసైటీకి. మీరే కదా చెప్పింది?"

అతను తప్పు పట్టి అన్న మాట కాదది. గుర్తు చేశాడంతే.

కమిటీలో మైథిలి ఉంది. ఏడో అంతస్తు. హైదరాబాదు అమ్మాయి, ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తుంది. ఫూలో వాళ్ళింట్లో కూడా చేసేది. సరళకుమారి వెళ్ళేసరికి మైథిలి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఉంది. లోపల కొత్త పనిమనిషి గిన్నెలు తోముతోంది. ఆ చప్పుడు వింటూ సరళకుమారి సోఫా అంచున కూర్చుని విషయం చెప్పింది.

మైథిలి అంతా విని ఇయర్‌ఫోన్లు తీసి డబ్బాలో పెట్టింది.

"మా ఇంట్లో మూడేండ్లు చేసింది ఆంటీ. నాకైతే ఏనాడూ ఏం పోలే. మీరు చెప్పిండ్రని నమ్మినం."

సరళకుమారి చీర కొంగుని వేలికి చుట్టుకుంది.

"ఇప్పుడేం చేయాలమ్మా?"

"గ్రూపుల ఒక మెసేజ్ పెట్టండి. నేను కమిటీకి చెప్పి బ్లాక్ తీయిస్తా. కానీ ఆంటీ, అందరూ వేరేటోళ్ళని పెట్టుకున్నరు. నేను కూడా. ఇప్పుడీమెని ఎట్ల తీసేస్త?"

సాయంత్రం కూతురు అబిగెయిల్ ఆఫీసు నుంచి వచ్చాక ఇంగ్లీషులో మెసేజ్ రాసిపెట్టింది. మా గుడ్లు మా తోటలోనే దొరికాయి, పొరపాటు జరిగింది, ఫూలో నిర్దోషి, అందరూ క్షమించాలి. అబిగెయిల్ రాసింది చదివి వినిపించి, "ఠీక్ హై మమ్మీ? మిస్టేక్ థా, బోల్ దియా. ఖతమ్," అంది, చెప్పేశాం కాబట్టి అయిపోయినట్టేనన్న ధోరణిలో.

అయిదు నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. దండాల బొమ్మలు, గుండె బొమ్మలు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంటుంది ఆంటీ అని ఒకరు. మీలాంటివాళ్ళు మన సొసైటీలో ఉండటం మా అదృష్టం అని ఇంకొకరు. తొమ్మిదో అంతస్తు ఆవిడ, తన పనిమనిషి మానేసింది కాబట్టి ఫూలోని పిలుస్తానంది. సరళకుమారి అవన్నీ రెండేసి సార్లు చదివింది. గుండె మీద బరువు దిగినట్టే అనిపించింది. ఆ రాత్రి అన్నం సహించింది.

శుక్ర, శనివారాలు ఆసుపత్రిలో గడిచాయి. శనివారం డ్యూటీ నుంచి వచ్చి, కాసింత వెలుతురు ఉండగా మెంతులు చల్లుదామని మొదటి మడి దగ్గర కూర్చుంది. మట్టి పిడికిట్లోకి తీసుకుంటే పొడిపొడిగా రాలింది. ఒక్క రాయి లేదు, ఒక్క వేరు లేదు. ఈ మడి తవ్వింది ఫూలో. ఆగస్టు ఉక్కలో, ఇల్లు తుడవడం అయ్యాక, ఎవరూ అడక్కుండానే, రోజుకి ఇంత చొప్పున తవ్వి రాళ్ళేరింది. సరళకుమారి మెంతులు మళ్ళీ డబ్బాలో పోసేసి లేచింది.

ఆదివారం నెలలో మొదటిది. వాళ్ళ తెలుగు చర్చిలో ఆ రోజు బల్ల, అందరూ ప్రభువు రొట్టె పుచ్చుకునే ఆరాధన. యెషయా సంఘపెద్ద కాబట్టి తెల్ల చొక్కా వేసుకుని, రొట్టె పళ్ళెం పట్టుకుని వరసల మధ్య నడుస్తున్నాడు. ప్రసంగంలో పాస్టరుగారు ఏం చెప్పారో ఆమె చెవికెక్కలేదు. ఎవరిపట్లనైనా తప్పు చేసి ఉంటే ముందు వెళ్ళి సమాధానపడి రావాలని పెళ్ళికాకముందు రేపల్లెలో సండేస్కూల్లో ఆమె పిల్లలకి నేర్పేది. అదొక్కటే బుర్రలో తిరుగుతోంది.

పళ్ళెం ఆమె ముందు ఆగింది. యెషయా కళ్ళల్లోకి చూడకుండా, పళ్ళెం పట్టుకున్న ఆయన వేళ్ళ వంక చూసి, అడ్డంగా తలూపింది.

ఆయన ఒక్క క్షణం ఆగాడు. పక్కనున్న ఆవిడ ఇటు తిరిగి చూసింది. పళ్ళెం ముందుకి వెళ్ళిపోయింది. ముప్ఫయ్యేళ్ళలో ఆమె ముందునుంచి అది అలా వెళ్ళిపోవడం అదే మొదటిసారి.

బయటికొచ్చాక యెషయా అడిగాడు. "గ్రూపులో రాశావుగా సరళా. ఇంకేముంది?"

"మనిషికి చెప్పలేదండీ."

"నేనూ రానా?"

"వద్దు. నేనొక్కదాన్నే వెళ్తాను."

ఫూలో ఉండేది పక్క బస్తీ ఖోడాలో. మెయిన్ రోడ్డు దిగి రెండు సందులు తిరిగితే ఇళ్ళు ఒకదానికొకటి ఒరుసుకుని ఉంటాయి. సంచిలో రెండు ఆనపకాయలు వేసుకుంది సరళకుమారి. గుడ్లు కూడా పెడదామని తీసి, ఏ మొహంతో ఇస్తానని మళ్ళీ గిన్నెలో పెట్టేసింది. పాలబూత్ దగ్గర అడిగితే దారి చూపించారు.

ఇరుకు మెట్లెక్కితే మొదటి అంతస్తులో వరసగా గదులు. చివరి గది గుమ్మంలో కూర్చుని ఫూలో తోటకూర గిల్లుతోంది. నలభై అయిదేళ్ళ మనిషి, సన్నగా, ఎముకలు గట్టిగా ఉంటాయి. సరళకుమారిని చూసి లేవలేదు. కాళ్ళు మాత్రం దగ్గరికి లాక్కుని దారి ఇచ్చింది.

"కూర్చోండి దీదీ."

లోపల మంచం ఉంది. సరళకుమారి దానిమీద కాకుండా గుమ్మం పక్కన నేలమీదే కూర్చుంది. మోకాలు పట్టేసింది. ముప్ఫయ్యేళ్ళ నుంచీ వార్డులో మాట్లాడే హిందీ అయినా మాటలు కూడబలుక్కోవాల్సి వచ్చింది.

"గుడ్లు దొరికాయి ఫూలో. గుమ్మడిపాదు కింద. గోడ మూల వల కిందినుంచి దూరి అక్కడ పెట్టాయి."

"అక్కడ ఇటుకలు పెట్టాలని చెప్పానుగా."

"చెప్పావు."

ఫూలో ముదిరిన కాడ ఒకటి విరిచి పక్కన పడేసింది.

"పొరపాటైపోయింది ఫూలో. గ్రూపులో అందరికీ రాశాను, నీ తప్పు లేదని. బ్లాక్ కూడా తీసేశారు."

"తొమ్మిదో అంతస్తు మేడమ్ ఫోన్ చేసింది. రేపు పొద్దుటి నుంచి రమ్మంది." ఆమె ఆకులు పళ్ళెంలోకి దులిపింది. "గ్రూపంటే మీ ఫోన్లలో ఉండేదేగా దీదీ? అందులో నేను లేను. మాలో ఎవరూ లేరు."

సరళకుమారికి వెంటనే అర్థం కాలేదు.

"నా సంచి విప్పినప్పుడు చూసినవాళ్ళు మీ గ్రూపులో వాళ్ళు కాదు. గేటు దగ్గర లైన్లో ఉన్నవాళ్ళు. ఈ పక్క గదిలో ఉండే ఆమె ఆ లైన్లోనే ఉంది. కింద ట్యాప్ దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఇద్దరు ఉన్నారు. ఇప్పుడు నేను ట్యాప్ దగ్గరికి వెళ్తే మాటలు ఆపేస్తారు."

"వాళ్ళకీ చెప్తాను. పొరపాటని..."

"పొరపాటు కాదు దీదీ."

ఫూలో గొంతు పెంచలేదు. ఆకుకూర పళ్ళెం పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదటిసారి సూటిగా చూసింది.

"గార్డు నా గుడ్లు అరచేతిలో పెట్టి మీకు చూపించాడు. అవి తెల్లవి. పొద్దున పాలబూత్ దగ్గర కొన్నాను. మీ కోళ్ళు తెల్లగుడ్లు పెడతాయా? రోజూ గూట్లోంచి తీసి మీ చేతికిచ్చేది నేనే. మీకు తెలీదా? మీరు చూశారు. చూసి, అవును మావే అన్నారు."

కింద ఎక్కడో ఆటో హారన్ మోగింది. సరళకుమారికి ఆ రోజు కళ్ళ ముందుకొచ్చింది. ఎండలో గార్డు అరచెయ్యి. దానిలో రెండు తెల్లగుడ్లు. చుట్టూ మనుషులు. అవి తెల్లవని ఆమె కళ్ళు చూశాయి. కానీ అప్పటికే ఫోన్ చేసి సంచి వెతికించింది. లైనంతా ఆపించింది. కాదంటే తనకెంత చిన్నతనం? తల దానంతటదే ఊగింది. ఇన్ని రోజులూ ఆ గుడ్ల రంగు దాకా ఆలోచన వచ్చినప్పుడల్లా ఇంకో పని వెతుక్కుని లేచిపోయింది.

"చూశాను," అంది చివరికి.

ఫూలో తల పంకించింది. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టుగా లేదు. విన్నదంతే.

"మళ్ళీ మా ఇంటికి..."

"రాను దీదీ. పని చేస్తాను, మీ ఇంట్లో మాత్రం చేయలేను."

ఆనపకాయల సంచి ఇవ్వబోతే ఫూలో వద్దనలేదు, తీసుకోనూ లేదు. గుమ్మం పక్కన పెట్టి సరళకుమారి మెట్లు దిగింది. ట్యాప్ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు బిందెలు పెట్టుకుని ఉన్నారు. వాళ్ళతో ఇప్పుడే చెప్పేయాలనుకుంది. కాళ్ళు ఆగలేదు. రోడ్డెక్కేదాకా ఆగలేదు.

సోమవారం ఏడున్నరకి ఆమె సొసైటీ గేటు దగ్గరికి వెళ్ళింది. కార్లు వెళ్ళే పెద్ద గేటు పక్కన పనివాళ్ళకి చిన్న గేటు ఉంది. ఒక్కొక్కరే వచ్చి యాప్‌లో నంబరు చెప్పి, మొహం చూపించి లోపలికి పోవాలి. అప్పటికే ఇరవైమంది లైన్లో ఉన్నారు. ఏడో ఎనిమిదో మనిషిగా ఫూలో. ముందున్నామెకీ తనకీ మధ్య కాస్త ఖాళీ వదిలి నిలబడింది.

సరళకుమారి గార్డు పక్కకి వెళ్ళి నిలబడింది. అతను కుర్చీలోంచి లేచాడు.

"ఏమైనా కావాలా మేడమ్?"

"ఒక మాట చెప్పాలి."

"చెప్పండి మేడమ్."

"నీకు కాదు."

లైను వైపు తిరిగింది. ఒకరిద్దరు చూశారు. మిగతావాళ్ళు ఫోన్లలో ఉన్నారు. పెద్ద గేటు తెరుచుకుని స్కూలు బస్సు వెళ్ళింది. అది వెళ్ళేదాకా ఆగింది.

"ఆ రోజు ఫూలో సంచిలో దొరికిన గుడ్లు నావి కావు," అంది. గొంతు సన్నగా వచ్చింది. మళ్ళీ మొదటినుంచి, గట్టిగా అంది. "ఫూలో సంచిలో గుడ్లు నావి కావు. ఆమె కొనుక్కున్నవి. నా గుడ్లు నా తోటలోనే ఉన్నాయి. ఆమె ఏమీ తీయలేదు."

ఫోన్లు కిందికి దిగాయి. గార్డు ఇబ్బందిగా కదిలాడు. "అయిపోయిందిగా మేడమ్, బ్లాక్ తీసేశాం. ఎవరికైనా పొరపాటు..."

"పొరపాటు కాదు," అంది సరళకుమారి. "అవి తెల్లగుడ్లు. మా కోళ్ళవి గోధుమరంగువి. నేను అప్పుడే చూశాను. చూసి కూడా నావే అన్నాను."

లైన్లో వెనకనుంచి పసుపుపచ్చ దుపట్టా వేసుకున్న ఒకామె, పాతికేళ్ళది, గట్టిగా అడిగింది.

"మరెందుకన్నావు?"

ఆ ఏకవచనానికి గార్డు అటు ఉరిమి చూశాడు. సరళకుమారి అతన్ని చేత్తో వారించింది. జవాబు ఏం చెప్పాలో రాత్రంతా అనుకుంటూనే ఉంది, గుడ్లు తగ్గాయనీ, కంగారు పడ్డాననీ. ఇప్పుడవేవీ నోటికి రాలేదు.

"సంచి చూడమని ఫోన్ చేసింది నేనే. నాదే తప్పని మీ అందరి ముందూ ఒప్పుకోవడానికి సిగ్గేసింది. అందుకని ఆమెని దొంగని చేశాను."

పసుపు దుపట్టా ఆమె మొహం తిప్పుకుంది. ఒక ముసలామె నేలమీద ఉమ్మింది. మామూలుగానో, కావాలనో తెలియలేదు. ఇంకొకామె ఫూలో భుజం మీద చెయ్యి వేసింది. ఫూలో దాన్ని తీసేయలేదు.

"జరగండి దీదీ, మాకు లేటవుతోంది," అన్నారెవరో.

సరళకుమారి పక్కకి జరిగింది. లైను కదిలింది. ఒక్కొక్కరే నంబరు చెప్పి ఆమె పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. ఫూలో వంతు వచ్చింది. మొహం చూపించింది. ఫోను పచ్చగా వెలిగింది. లోపలికి అడుగుపెట్టి, సరళకుమారి ముందు ఆగింది.

"ఆ రోజు నన్ను ఆపింది మధ్యాహ్నం," అంది మామూలు గొంతుతో. "ఇళ్ళకి పోయే వేళ. అప్పుడు చూసినవాళ్ళలో సగంమంది ఇప్పుడు లేరు. వాళ్ళు ఎనిమిదిన్నరకి వచ్చి ఒంటిగంటన్నరకి పోతారు."

సరళకుమారికి రెండింటికి డ్యూటీ. సాకేత్‌లో ఆసుపత్రికి చేరాలంటే పన్నెండున్నరకే మెట్రో పట్టుకోవాలి.

"ఉంటాను," అంది.

ఫూలో తొమ్మిదో అంతస్తు లిఫ్టు వైపు నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి వార్డుకి ఫోన్ చేసింది. ఆలస్యంగా వస్తానంది. ఒంట్లో బాగా లేదా సిస్టర్ అని అడిగింది అవతలి అమ్మాయి. బాగానే ఉంది, ఇక్కడ పనుంది అంది. పదకొండింటిదాకా పెరట్లో కూర్చుని మిగిలిన పాదు తీగలు ఏరింది. యెషయా వచ్చి పక్కన కూర్చుని తనూ ఏరాడు.

ఒంటిగంటా పావుకి మళ్ళీ చిన్న గేటు దగ్గర నిలబడింది. నడినెత్తిన ఎండ. పొద్దున తెలియక చేసేసింది గాని, ఇప్పుడు ఆ మొహాలు ఎలా చూస్తాయో తెలుసు. నీడలోకి జరగమని గార్డు కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు.

టవర్లలోంచి మొదటి నలుగురు ఆడవాళ్ళు బయటికి వచ్చారు. గేటు దగ్గరికి రాగానే, ఎవరూ చెప్పకుండానే, అలవాటుగా చేతుల్లోని సంచుల మూతులు తెరిచి పట్టుకున్నారు.

"ఒక్క నిమిషం ఆగండి దీదీ," అంది సరళకుమారి.